రేటు కింద మాట

గుంటూరు మిర్చియార్డులో రోశయ్య గారి కొట్టుకు ముప్పై ఏళ్ళుగా గుమాస్తా మొహిద్దీన్ బాషా. మనిషికున్న పిచ్చి ఒక్కటే, పాత ఇంగ్లీషు మాటలు. చిత్తుకాగితాల కొట్లో తూకానికి కొన్న అట్టలూడిన నిఘంటువు ఆయన బల్ల సొరుగులో ఉంటుంది. పేజీ తిప్పితే కారం ఘాటు, రెండు తుమ్ములు, ఆ తర్వాతే అర్థం.

రోజూ పొద్దున నల్లబల్ల మీద ఏ రకం మిర్చి ఎంతో రాసి, అడుగున ఒక మాట రాసేవాడు. మన పందికొక్కే ఓడెక్కి వెళ్ళి బాండికూట్ అయిందని రాసిన రోజు రైతులు పడీపడీ నవ్వారు. నైస్ అంటే ఒకప్పుడు తెలివితక్కువ అని రాశాక, ఆ కొట్లో ఎవరూ ఎవర్నీ నైస్ అనలేదు.

ఈ సీజన్‌కి రోశయ్య కూతురు రాజేశ్వరి పెత్తనం తీసుకుంది. వచ్చీరాగానే నల్లబల్ల తీయించి టీవీ పెట్టించింది.

"రేట్లు చాలు బాషా గారూ, ఆ మాటలెందుకండీ?"

"సరేనమ్మా" అని సొరుగు మూశాడు గానీ, ఆ పూట ఆయనకు టీ కూడా సయించలేదు. పాపం, ఉన్న ఇల్లు ఖాళీ చేయమన్నంత బాధ.

మర్నాడు టీవీలో రేట్లు ధగధగలాడాయి. తొమ్మిదైంది, పదైంది. ఒక్క రైతూ బస్తా మూతి విప్పడే! రాజేశ్వరికి కంగారు పుట్టి, దర్శి నుంచి సరుకు తెచ్చిన ఆదాంని అడిగింది.

"రేటు ఖాయం కానీమ్మా" అన్నాడు ఆదాం తాపీగా. "బాషా ఇంకా మాట రాయలేదుగా!"

నిజమే. ధర అటూఇటూ అవుతున్నంతసేపూ బాషా సుద్దముక్కతో కాచుకుని, ఇక మారదని తేలాకే మాట రాసేవాడు. రైతులు ఆ ఇంగ్లీషు ముక్కనే రాజముద్రగా నమ్ముకున్నారని పాపం ఆయనకే తెలియదు.

రాజేశ్వరి పకపకా నవ్వి నల్లబల్ల తెప్పించింది. బాషా రేట్లు రాసి, కింద రాశాడు: ఓవర్‌మారో, అంటే ఎల్లుండి.

"ఎల్లుండికి ఇంగ్లీషు వాళ్ళకీ ఒక్క మాట ఉండేదా?"

"ఉండేదమ్మా. వాడక పోగొట్టుకున్నారు."

చకచకా బస్తాల తాళ్ళు విడిపోయాయి. కొట్టంతా తుమ్ములు.

"మనం పోగొట్టుకోవద్దులెండి. రేపటి మాటా, ఓవర్‌మారో మాటా ఇప్పుడే వెతికిపెట్టుకోండి" అంది రాజేశ్వరి.

బాషా కండువాతో కళ్ళు తుడుచుకుని, మిర్చి ఘాటమ్మా అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఘాటుకు ఆయన తుమ్మడమే గానీ, ఏడవడం ఎవరూ చూడలేదు.