అమ్మదీ కాదు, బాపుదీ కాదు

మా మనవరాలు మొన్న బడి కార్డును గౌను మీదే మరిచిపోయి ఉతకడానికి పడేసింది. నీలం తాడు, ఒక మూల మామిడికాయ పచ్చడి మరక, ఫోటో, ఫోటో కింద పేరు, పేరు కింద రక్తం గ్రూపు. నాందేడ్‌లో ఇప్పటి పిల్లలు నెత్తురు జాతకాన్ని మెడలో కట్టుకుని రిక్షా ఎక్కుతారు. అడిగేవాళ్లూ లేరు, ఆశ్చర్యపోయేవాళ్లూ లేరు. నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని. అయినా ఈ అక్షరాల గురించి నాకు అవసరానికి మించే తెలుసు, ఎందుకంటే నా చిన్నప్పుడు వీటిలో ఒక్క అక్షరం మా ఇంటిని తలకిందులు చేసింది.

మాది నాందేడ్‌కు రైలు దూరంలో, మరాఠీ తెలుగూ కలిసే అంచున ఉన్న ధర్మాబాద్. చలికాలం వెనకబట్టే వేళకు ఎండుమిర్చి బండ్లు వరసకట్టి ఊళ్లోకి దిగేవి. బజారంతా ఎర్రటి కుప్పలు, వాటి మీద ఎండ, ఆ ఎండలోంచి లేచే ఘాటు. రైల్లో నిద్రపోతున్నవాళ్లు తుమ్ముతూ లేచి కూర్చుంటే ధర్మాబాద్ వచ్చినట్టే లెక్క, బోర్డు చూడక్కర్లేదు. మేం పిల్లలం ఆ కుప్పల మధ్య ముక్కులు కారుస్తూ కచ్చకాయలు ఆడేవాళ్లం, ఆ చేత్తోనే కళ్లు నలుపుకుని ఊరంతా వినబడేలా ఏడ్చేవాళ్లం. పోళా పండుగ నాడు ఎడ్ల కొమ్ములకు రంగులేస్తే, మా మూతులకు నెయ్యీ పోలెల పూర్ణమూ రంగేసేవి. పొద్దున లేస్తే జొన్నరొట్టె తట్టే చప్పుడు, రాత్రి పడుకుంటే మా బాపమ్మ, అంటే మేం బాపు అని పిలిచే నాన్నకు తల్లి, నోట్లో తంబాకు పెట్టుకుని అందరినీ పేరుపేరునా విమర్శించే చప్పుడు.

మా వైపు ఒక అలవాటు ఉండేది. పసిబిడ్డను తొట్టెలో వేసే రోజున, పాటలయ్యాక, గుగ్గిళ్లు పంచాక, రెండు వైపుల ముసలమ్మలూ తొట్టెకు అటొకరూ ఇటొకరూ కూర్చుని బిడ్డను వాటాలు వేసుకునేవాళ్లు. పొలం పంపకాల్లోనైనా అంత పట్టుదల నేను చూడలేదు. నా తొట్టె దగ్గర బాపమ్మ ముక్కు పట్టుకుని "ఇది మాది" అందట. మాండవి అనే అడవి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ రెండు చెవులూ పట్టుకుని "ఇవి మావి" అందట. నొసలు అటు, గడ్డం ఇటు, కాలి వేళ్ల దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగిందట. అంతలో నేను నిద్రలేచి ఏడిచాను. నా గొంతు విని పక్కింటి బర్రె తాడు తెంపుకుందని మా అమ్మ చెప్పేది. ముసలమ్మలిద్దరూ ఒక్కసారే చేతులు వెనక్కి తీసుకున్నారు.

"ఈ నోరు మా ఇంట్ల ఎవ్వలికి లేదమ్మా," అంది బాపమ్మ.

"మా తాన అసలే లేదు," అంది అమ్మమ్మ.

అట్లా నా నోరు ఎవరికీ చెందని ఆస్తిగా మిగిలిపోయింది. పెరిగేకొద్దీ ఆస్తి కూడా పెరిగింది. నేను ఎదురు మాట్లాడినప్పుడల్లా బాపమ్మ ఒకటే అనేది: "నిన్ను మేం కన్నమా ఏంది? గిర్నీ కాకకు రెండు తట్టల తౌడిచ్చి కొన్నం." ఊళ్లో ప్రతి పిల్లకూ ఏదో ఒక పూట ఈ మాట పడేది. వడ్లు పట్టే గిర్నీలో తౌడు గుట్టలుగా పడి ఉంటుంది, ఆయనకు మన తౌడెందుకని అడిగే తెలివి మాలో ఎవరికీ లేదు. నేను మాత్రం "రెండు తట్టలేనా? నన్ను శాన సస్తల కొట్టేసిండ్రు పో!" అని పగలబడి నవ్వేదాన్ని.

ఆ నవ్వు నాందేడ్ దవాఖానాలో ఆగిపోయింది.

బాపుకు కడుపులో రాయి, కోత పెట్టాలన్నారు. కోతకు ముందు నెత్తురు సిద్ధంగా ఉండాలి, ఎవరిది సరిపోతుందో చూస్తామన్నారు. అమ్మా, బాపమ్మా, నేనూ రొట్టెల మూట పట్టుకుని బాపుతో పాటు రైలెక్కాం. పరీక్షల గదిలో గాజు పలకలు, సీసాలు, ముక్కులోకి సూదిలా దిగే స్పిరిట్ వాసన. బాపు వేలు పొడిచారు, అమ్మ వేలు పొడిచారు. పిల్లలది అక్కర్లేదన్నా వినకుండా నా వేలు నేనే చాచాను. పక్కవాళ్లకు జరిగేది నాకు జరగకపోతే నాకు తోచదు. ఆ గదిలో మనిషి మంచివాడు, నవ్వి నాదీ పొడిచాడు. కాసేపటికి తండ్రి, తల్లి, పిల్ల వరసన మరాఠీలో చదివాడు: "బాప్ ఏ, ఆయీ బీ, పోర్‌గీ ఓ."

"ఇదేం లెక్కనయ్యా?" అంది బాపమ్మ. "తండ్రిది రాలే, తల్లిది రాలే. మరి ఇది యాడికెల్లి అచ్చింది?" అని, తనే జవాబు దొరికినట్టు చప్పట్లు చరిచింది. "నేను ముందుగాలనే చెప్పలే? గిర్నీ పిల్ల!"

బల్ల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు, కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. అత్తగారి పరాచికం కింద అనుమానమేదైనా ఉందేమోనని ఆమె భయపడి ఉంటుందని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు నాకు తోచింది వేరు. అమ్మ కూడా కాదనడం లేదు, అంటే నిజమే.

అమ్మా బాపూ దవాఖానాలో ఉండిపోయారు, నేనూ బాపమ్మా ఊరికి తిరిగొచ్చాం. బాపమ్మ అబద్ధమాడొచ్చు, గాజు పలక ఆడదు కదా. మా బజారులో అడుగున తడి తగిలిన మిర్చి బస్తాను కొన్నవాళ్లు వాపసు పంపడం రోజూ చూసేదాన్ని. నాలో ఏ అక్షరమూ కలవలేదని తేలాక నన్నెందుకు ఉంచుకుంటారు? బాపు ఇల్లు చేరేలోపు ఏదో ఒకటి చేయాలి. బర్రెకు పెట్టే తౌడు తట్టకెత్తి, తట్ట నెత్తికెత్తి, గిర్నీకి పోయాను.

గిర్నీ కాక మీసాల దాకా తెల్లటి దుమ్ముతో ఉన్నాడు.

"ఏందే బిడ్డా, తౌడు ఇక్కడికి తెచ్చినవ్? అందరు ఇక్కడికెల్లి కొంటవోతరు!"

"తీస్కో కాకా. అప్పుడు నీకు రెండు తట్టలే ఇచ్చిండ్రట గద. ఇది మూడోది. మా బాపు నన్ను వాపస్ ఇయ్యనీకి అస్తే నువ్వు తీస్కోవద్దు."

కాక ఇంజన్ ఆపించాడు. నా ముందు గొంతుక్కూర్చున్నాడు. మీసాలు అదురుతున్నాయి కానీ నవ్వలేదు.

"తీస్కోను బిడ్డా. సౌదా పక్కా. నీ నోటికి నా ఇంజన్ చప్పుడు గూడ ఇనబడది, నిన్ను పెట్టుకుని నేనేం జెయ్యాలె?"

అప్పుడు ఏడిచాను. గిర్నీలో బియ్యం చెరుగుతున్న ఆడవాళ్లు చేటలు కింద పెట్టారు. కాక తట్టను సైకిల్ వెనక కట్టి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చి, బాపమ్మకు సంగతంతా చెప్పాడు. బాపమ్మ మొదట కడుపుబ్బ నవ్వింది. తర్వాత తంబాకు ఉమ్మేసి, నన్ను లాక్కుని నెత్తికి నూనె పెట్టింది.

బాపుతో తిరిగొచ్చిన రోజున అమ్మ గడప దాటుతూనే మొదలుపెట్టింది. డాక్టరమ్మను ముఖం మీదే అడిగేసి వచ్చిందట.

"అత్తమ్మా, ఇను. ప్రతి మనిషి తాన రెండుంటయట. అండ్ల ఒక్కటే బిడ్డకిస్తరట. ఈ ఓ ఉన్నది సూడు, అది కొత్త కోడలసొంటిది. పక్కపొంటి ఏ ఉన్నా బీ ఉన్నా, అత్త ముంగట ఉన్నట్టే, నోరు తెరవది. ఉన్నదని గూడ ఎవలికి ఎరుక గాదు. నీ కొడుకు తాన ఒక కోడలు దాగున్నది, నా తాన ఒకతి దాగున్నది. ఇద్దరు గల్సి ఈ పిల్ల తానికి అచ్చిండ్రు. అత్త లేని ఇల్లాయె!"

"అంటే అత్తలు నోరు నొక్కుతరనా నీ మాట?"

"నేనెందుకంట? డాక్టరమ్మ అన్నది."

మంచం మీద బాపు కడుపు పట్టుకుని, "నవ్వియ్యకుండ్రే, కుట్లు తెగుతయి!" అని మొత్తుకున్నాడు.

బాపమ్మ తంబాకును ఇంకో దవడకు నెట్టుకుంది. "నా కొడుకు తాన దాగున్నదంటే, అది మా ఇంటిదేనాయె గద!" అని తేల్చింది. ఆ మాట మాండవి చేరింది. తర్వాతి పోళాకు అమ్మమ్మ ఇప్పపూల మూటతో దిగి, ఎన్నడో వదులుకున్న వాటాను వాపసు అడిగింది. పోలెలు చల్లారిపోయేదాకా కొట్లాడుకుని, చివరికి నా నోటిని చెరిసగం చేసుకున్నారు.

ఇప్పుడు గిర్నీ ఉన్నచోట ఫోన్ల దుకాణం ఉంది. బిడ్డ దవాఖానాలో పుడుతుంది, ఫోటో ఫోన్లోకి వస్తుంది, అందరూ బొటనవేలి బొమ్మ పంపుతారు. ముక్కు ఎవరిదో, చెవులు ఎవరివో తగువులాడే తీరిక ఎవరికీ లేదు. బాపమ్మ పోయి చాలా ఏళ్లయింది. అమ్మ కూడా లేదు.

పోయిన నెల పెళ్లికని ధర్మాబాద్ పోయాను. స్టేషన్‌లో బండి కోసం కూర్చుంటే, చూపు సరిగా ఆనని ఒక ముసలమ్మ కర్ర ఆనించి ఆగి, నా ముఖంలోకి వంగి చూసి, మా అమ్మ పేరు పెట్టి పిలిచింది.

"ఏమే లచ్చవ్వా, ఎప్పుడచ్చినవ్? మీ అత్త ఇంక సతాయిస్తున్నదానె?"

జరిగి, పక్కన ఆమెకు చోటిచ్చాను.

"సతాయిస్తనే ఉన్నదక్కా," అన్నాను.