అయిందనిపించిన ప్రార్థన

మా గుంటూరులో పెద్ద ఫంక్షన్ జరిగిన మర్నాడు పొద్దున ఎవరిని కదిపినా ఫిర్యాదులే. కార్డు మీద ఆరు గంటలని వేస్తారు, ఎనిమిదైతే గానీ ఎవరూ మైకు ముట్టుకోరు. వేదిక మీదకు ఒకరి తర్వాత ఒకరిని పిలుస్తూనే ఉంటారు. కుర్చీలు చాలక కింద మొదటి వరసలోవి పైకి మోస్తారు, ఆ వరసలో కూర్చున్న ఆడవాళ్ళు లేచి వెనక్కి పోవాలి. ఫోటో సరిగా రాలేదని కప్పిన శాలువా తీసి మళ్ళీ కప్పుతారు. ఉపన్యాసం నడుస్తుండగానే భోజనాలు మొదలయ్యాయన్న మాట వెనక వరసల్లో పుడుతుంది, చూస్తుండగానే హాలు సగం ఖాళీ. తీరా భోజనాల దగ్గరికి వెళ్ళి కూర్చుంటే, మనం పెరుగన్నంలోకి వచ్చేసరికి మన కుర్చీ వెనక ఒకాయన చేతులు కట్టుకుని నిలబడి మన ఆకులో ఇంకా ఎంతుందో చూస్తుంటాడు.

ఇలాంటి ఫిర్యాదులు నేను అందరికంటే ఎక్కువ చేసేవాణ్ణి. మా సేవా సంఘం వాట్సాప్ గ్రూపులో ఇతర సంఘాల సభల గురించి పేరాలకు పేరాలు రాసేవాణ్ణి. రాయని సంగతి ఒకటుంది. అంత ఆలస్యాన్ని జనం ఓర్చుకోవాలంటే మైకు దగ్గర ఎవరో ఒకరు కబుర్లు చెబుతూ ఉండాలి. మా సంఘంలో ఆ మనిషిని నేనే.

ఆ విద్య నాకు ఉద్యోగంలో అబ్బింది. పురుగుమందుల కంపెనీలో పనిచేస్తూ చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా పత్తి, మిరప ఊళ్ళలో రైతు సమావేశాలు పెట్టేవాణ్ణి. హైదరాబాదు నుంచి బయల్దేరిన పెద్ద మేనేజరు కారు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అది వచ్చేదాకా రైతులు లేచిపోకుండా చూడటం నా పని. తెల్లదోమ మీద ఒక జోకు, మందు కొట్టడానికి భయపడే అల్లుడి మీద ఒక జోకు, ఊళ్ళో పెద్దవాళ్ళ పేర్లు చెప్పి రెండు పొగడ్తలు. రిటైరయ్యాక సంఘంలో చేరితే, మొదటి సభలోనే మైకు నా చేతికి వచ్చింది. తర్వాత ఇంకెవరి చేతికీ వెళ్ళలేదు.

ఒక ఏడు మా కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం ఘనంగా చేయాలనుకున్నారు. ఆయనకు స్పిన్నింగ్ మిల్లు ఉంది. బైపాస్ పక్కన ఏసీ హాలు, గుండ్రటి బల్లలు, బల్లల మీద పేర్ల చీటీలు, సభ్యులందరూ సూట్లలో రావాలన్న నియమం. కార్డు మీద గాలా నైట్ అని వేయించారు. ప్రార్థన ఎవరితో పాడిద్దామన్న మాట వచ్చినప్పుడు నేను మా ఆవిడ పేరు చెప్పాను. ఆమెను అడగలేదు. బాగా పాడుతుందని నలుగురూ అంటే నాకు బాగుంటుందనిపించింది, అంతే.

ఇంటికొచ్చి చెబితే ఆమె మొదట ఒప్పుకోలేదు. పెళ్ళికి ముందు పాడేది. పెళ్ళయ్యాక పదిమందిలో పాడింది లేదు. మూడో రోజు నేను పేపరు చదువుతుంటే వంటింట్లోంచి కూనిరాగం వినిపించింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే సాధన. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన అమ్మవారి పాట అది. రెండో చరణంలో ఒకచోట స్వరం నిలవటం లేదని బ్రాడీపేటలో ఒక సంగీతం టీచరు దగ్గరకు వెళ్ళి దిద్దించుకుని వచ్చింది. అక్క పాట వినటానికి చీరాల నుంచి చెల్లెలు దిగింది.

ఆ సాయంత్రం కార్డులో వేసిన సమయానికే వెళ్ళాం. మా ఆవిడ మిరియాలు వేసి కాచిన నీళ్ళు ఫ్లాస్కులో తెచ్చుకుంది. ముఖ్య అతిథి రాజధాని పనులు చేసే ఒక కాంట్రాక్టరు. తుళ్లూరు నుంచి బయల్దేరారని ఒకసారి, బయల్దేరబోతున్నారని ఒకసారి కబురు వచ్చింది. ఆయన లేకుండా ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన చేస్తే మర్యాదగా ఉండదన్నాడు అధ్యక్షుడు. నేనూ అవునన్నాను. మైకు తీసుకుని జోకులు మొదలుపెట్టాను.

ఆయన ఏ క్షణమైనా రావచ్చు, సిద్ధంగా ఉండమని మా ఆవిడతో చెప్పాను. ఆమె వేదిక మెట్ల పక్కనే నిలబడింది. కాసేపు కూర్చోనా అని ఒకసారి వచ్చి అడిగింది. ఇదిగో వచ్చేస్తున్నారు, మళ్ళీ లేవటమెందుకు అన్నాను. హాలు పక్కన కోల్డ్ స్టోరేజీ ఉంది. అక్కడ లారీకి మిరపకాయల టిక్కీ బస్తాలు ఎత్తుతున్నారు. ఎవరు తలుపు తీసినా గోనె బస్తాల ఘాటు లోపలికి వచ్చి సూట్లు వేసుకున్నవాళ్ళంతా తుమ్మేవాళ్ళు. దాని మీద కూడా ఒక జోకు వేశాను, హాలంతా నవ్వారు. ఆమె గొంతు పట్టుకుంటుందేమోనని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నేను చూశాను. చూసి, ఇంకో జోకు అందుకున్నాను.

చివరికి ఆయన వచ్చారు. దండ, ఫోటోలు, కరచాలనాలు. ఆయనతో వచ్చిన మనిషి మా కార్యదర్శి చెవిలో ఏదో చెప్పాడు. కార్యదర్శి నాతో చదువుకున్నవాడే. గబగబా నా దగ్గరకు వచ్చాడు.

"ఒరేయ్, ఆయనకు బెజవాడలో పెళ్ళుందంట, వెంటనే పోవాలంట. ప్రార్థనా అదీ అయిందనిపించి డైరెక్టుగా ప్రమాణానికి వచ్చెయ్."

మా ఆవిడ అప్పటికే ఫ్లాస్కు కింద పెట్టి మొదటి మెట్టు మీద కాలు వేసింది. నేను ఆమె వైపు అరచెయ్యి చూపించాను, ఆగమని. మైకులో, సమయాభావం వల్ల ప్రార్థన జరిగినట్టుగా భావించి కార్యక్రమంలోకి వెళ్దామన్నాను. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ముఖ్య అతిథిని పరిచయం చేశాను. ఆయన వేసిన రోడ్లు, కట్టిన వంతెనలు, చేసిన దానాలు, నాకు నోటికొచ్చిన విశేషణాలన్నీ. ఆ పాట పాడటానికి పట్టే సమయం కంటే ఎక్కువే తీసుకుని ఉంటాను. తిరిగి చూస్తే మెట్ల దగ్గర ఎవరూ లేరు.

భోజనాల దగ్గర మా మరదలు నా కుర్చీ పక్కన ఆగింది. "బావగారూ, ఆ అల్లుడి జోకు బావుందండీ. తీరిగ్గా చెప్పారు," అని వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి బట్టలు మార్చుకుంటూ నేను మామూలుగానే మొదలుపెట్టాను. ఆ కాంట్రాక్టరుకు టైమంటే లెక్క లేదన్నాను. అధ్యక్షుడికి డబ్బుంది గానీ ప్లానింగ్ లేదన్నాను. పేర్ల చీటీలు పెట్టి ఏం లాభం, ఎవరి కుర్చీలో ఎవరో కూర్చున్నారన్నాను. ఆమె చీర మడత పెడుతూ అంతా విన్నది.

"అవన్నీ సరే. నాకు చెయ్యి చూపించింది ఎవరండీ?"

మన మనిషివి కదా, అర్థం చేసుకుంటావనుకున్నానని ఏదో అన్నాను.

"బయటివాళ్ళ పిల్లయితే పాడించేవాళ్ళు," అంది. కోపంగా అనలేదు. చీర బీరువాలో పెట్టి లైటు తీసేసింది.

మర్నాడు పొద్దున పేపరు చదువుతుంటే వంటింట్లో కుక్కరు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ కూనిరాగం ఆ తర్వాతా లేదు. కొన్నాళ్ళకు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి తప్పు నాదేనని చెప్పాను. "సరే లెండి," అంది. ఆ రెండు మాటల్లో ఆమె కూడా దాన్ని అయిందనిపిస్తోందని నాకు అర్థమైంది.

ఆ మాట అప్పటినుంచి నన్ను వదల్లేదు. అవ్వనిదాన్ని అయిందనిపించటంలో నాకు చాలా అనుభవం ఉంది. రైతు సమావేశాల్లో చివర ప్రశ్నలకు సమయం ఉండేది. మేనేజరు కారెక్కే తొందరలో ఉంటే దాన్ని అలాగే అయిందనిపించేవాణ్ణి. మందు కొట్టినా పురుగు చావలేదని అడగటానికి చేతిలో పత్తికాయ పట్టుకుని వచ్చిన మనుషులు అది పట్టుకునే తిరిగి వెళ్ళేవాళ్ళు. వాళ్ళను అంతసేపు కూర్చోబెట్టింది నేనే, మాట్లాడనివ్వనిదీ నేనే. పెద్దవాళ్ళు ఆలస్యం చేస్తే, దానివల్ల కోత పడేది ఎప్పుడూ మనల్ని ఏమీ అనలేనివాళ్ళ సమయానికే. ఆ కోత వేయటం నాకు అంత తేలికగా చేతనయింది కాబట్టే ఏళ్ళ తరబడి మైకు నా దగ్గర ఉంది.

మరుసటి ఏడు కొత్త కార్యదర్శిగా ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ ఇంటికి ఫోన్ చేసి, వ్యాఖ్యానం నన్ను చేయమని, ప్రార్థన మా ఆవిడను పాడమని అడిగింది. నేను చేయనని చెప్పాను. రెండోదానికి జవాబు చెప్పకుండా ఫోన్ తీసుకెళ్ళి మా ఆవిడకు ఇచ్చాను. కార్డు మీద వేసిన సమయానికి మొదలుపెడితే పాడతానంది, ఎవరు వచ్చినా రాకపోయినా.

డాక్టరమ్మ సరేనంది గానీ కమిటీలో మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. ఒప్పించటానికి ఒక్కొక్కరి దగ్గరకూ నేనే వెళ్ళాను. పాత కార్యదర్శి నవ్వాడు.

"ఖాళీ కుర్చీలకు పాడుద్దంట్రా చెల్లెమ్మ?"

"పాడుద్దంట," అన్నాను.

"అయితే నువ్వొచ్చి కూర్చో, ఒక కుర్చీ అన్నా నిండుద్ది."

కమిటీ చివరికి ఒప్పుకుంది, నేను అలాగే వెళ్ళి కూర్చున్నాను. అదే హాలు. బల్లల దగ్గర పదిమందో పన్నెండుమందో ఉన్నారు. వంటవాళ్ళు పక్క గదిలో గిన్నెలు సర్దుతున్నారు. డాక్టరమ్మ మైకు సరిచేసి పక్కకు తప్పుకుంది. మా ఆవిడ మొదలుపెట్టింది. పల్లవిలో గొంతు వణికింది. మొదటి చరణానికి కుదుటపడింది. గిన్నెల చప్పుడు ఆగింది.

రెండో చరణం మధ్యలో గుమ్మం దగ్గర కలకలం. ఆ ఏటి ముఖ్య అతిథి వచ్చారు. అధ్యక్షుడు పరుగెత్తాడు, ఉన్న పదిమందీ కుర్చీలు జరుపుకుంటూ లేచారు. నా చేతులు బల్ల మీద ఆనాయి, ఒళ్ళు దానంతట అదే సగం లేచింది. అప్పుడు వేదిక వైపు చూశాను. ఆమె ఆగింది. నేను కూర్చున్నాను. ఆమె కళ్ళు మూసుకుని ఆ చరణాన్ని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. స్వరం నిలవని చోటికి వచ్చి, నిలబెట్టి, పాట పూర్తి చేసింది. అంతసేపూ ముఖ్య అతిథి మెడలో పడాల్సిన దండను అధ్యక్షుడు చేతుల్లోనే పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వచ్చినాయన మాత్రం చెప్పులు పక్కకు విడిచి, చేతులు జోడించి విన్నారు.

తిరిగి వస్తుంటే కారులో ఆమె నా వైపు తిరిగి అడిగింది.

"ఆయన రాగానే మీరూ లేచారు కదూ?"

లేవలేదని అనబోయాను. నోటిదాకా వచ్చింది.

"సగం లేచాను," అన్నాను.

"చూశాను," అంది. కొంచెం దూరం పోయాక, "కూర్చోవటం కూడా చూశాన్లెండి," అంది.