ఎర్రబట్టల్లో పడిపోయినవాడు

ఆ జూలై నెలంతా లోవ్రేకి కుడి ఏదో, ఎడమ ఏదో తెలీకుండా పోయింది. మాటవరసకి అంటున్నది కాదు. కోర్చులా దీవిలో కోటగోడ పక్కన తేత దింకా నడిపే హోటల్లో వాడు సర్వరు. రెండు చేతుల్లో పళ్ళేలతో వంటింట్లోంచి వచ్చేవాడు, గుమ్మంలో ఆగేవాడు, చేపలు ఎడమవైపు బల్లకో కుడివైపు బల్లకో తేలక రెప్పపాటు అలా నిలబడిపోయేవాడు. వెనకనుంచి కేక వచ్చేది.

"ఒరే, నువ్వు సర్వరువా, రేవులో దీపస్తంభానివా? కదులు!"

తేత అంటే అత్త, కానీ దింకా వాడికి నిజంగా మేనత్తేం కాదు. ఊళ్ళో సగంమందికి ఆవిడ తేతే. వేసవిలో ఆవిడ దగ్గర పనిచేసిన కుర్రాళ్ళు చలికాలంలో కూడా ఆవిడ గొంతు కలలో విని ఉలిక్కిపడి లేస్తారని చెప్పుకుంటారు.

గందరగోళం మొదలైంది మాత్రం హోటల్లో కాదు, కత్తులతో.

మోరెష్కా కత్తి నాట్యం ఆ ఊరి మగపిల్లల సొత్తు. నల్లరాజు ఒక పిల్లని ఎత్తుకుపోతాడు, తెల్లరాజు ఆ పిల్లకోసం యుద్ధానికి వస్తాడు. బాండు మేళం వాయిస్తుంటే రెండు దండులూ ఎదురెదురుగా నిలబడి, రెండు చేతుల్లో రెండు కత్తులతో, తాళం తప్పకుండా కొట్టుకుంటాయి. చివరికి నల్లదండు మధ్యలో వెల్లకిలా పడిపోతుంది. తెల్లరాజు దండు వేసుకునేది ఎర్రబట్టలు. ఎందుకని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు, అడిగినవాడికి ఎవరూ చెప్పరు. వారానికి రెండు సాయంత్రాలు టూరిస్టుల కోసం ఆడతారు. జూలై ఆఖర్న, సెయింట్ తోదోర్ పండగనాడు, ఊరి కోసం ఆడతారు. టూరిస్టుకి తప్పు తెలీదు. పండగనాడు మెట్లమీద కూర్చునే ముసలమ్మకి మాత్రం ఏ దెబ్బ ఎక్కడ పడాలో తెలుసు. ఆవిడ మొగుడు ఆడాడు, కొడుకు ఆడాడు, ఇప్పుడు మనవడు ఆడుతున్నాడు.

లోవ్రే మీసం మొలిచినప్పటినుంచీ నల్లదండులోనే ఉన్నాడు. ఈ వేసవి మొదట్లో ఎర్రదండులో ఒకడికి ఓడమీద ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. నాట్యం నేర్పే ముసలాయన బాల్దో, కుర్రాళ్ళందరికీ బార్బ, అంటే బాబాయి, అందర్నీ ఒకసారి చూసి లోవ్రేకేసి వేలు చూపించాడు. "వీడు మారతాడు" అన్నాడు. బార్బ మాటకి ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. మారడమంటే బట్టలు మారడమే అనుకున్నాడు లోవ్రే.

కాదు. నల్లదండు కాచుకునేచోట ఎర్రదండు కొట్టాలి. వాళ్ళు కుడికి తిరిగేచోట వీళ్ళు ఎడమకి తిరగాలి. తల ఒప్పుకుంది గానీ చేతులు ఒప్పుకోలేదు. చేతులకి నేర్పింది తల కాదు మరి, అవి వేరే బడిలో చదువుకున్నాయి.

సరిగ్గా నిద్రపోయేవాడైతే ఎలాగో నెట్టుకొచ్చేవాడేమో. వేసవికి లోవ్రే గదిని వాళ్ళమ్మ టూరిస్టులకి అద్దెకిచ్చింది. ఊళ్ళో అందరి పిల్లల గదులూ అంతే. వాడి పడక నేలమాళిగలో, ఆలివ్ నూనె డబ్బాల పక్కన. తెల్లారకముందే మొదటి ఓడకి వెళ్ళేవాళ్ళ పెట్టెల చక్రాలు రాతిమెట్లమీద దడదడమని దిగుతాయి, సరిగ్గా వాడి తలమీదుగా. లేచి హోటల్ తెరవాలి. కుర్చీలు వేయాలి. ఫలానా బల్లకి చేపసిరాతో వండిన నల్లన్నం, ఫలానా ఆవిడకి వెల్లుల్లి పడదు, ఈ పిల్లాడికి చేప తల కనపడకూడదు. ఈ లోపల కాళ్ళు బల్లల మధ్య వాటంతటవే తాళం వేస్తుండేవి. నల్లదండు తాళమో ఎర్రదండు తాళమో వాడికే తెలిసేది కాదు.

ఇప్పుడు ఎర్రదండులో ఉన్న వాడికి నల్లదండులోంచి ఎదురు నిలబడేది ప్రోష్పెర్. చిన్నప్పటినుంచీ స్నేహితుడు. చెక్కపడవలు బాగుచేసే వడ్రంగి. వాళ్ళ నాన్న నడుం పడిపోయాక షెడ్డు వాడి చేతులమీదే నడుస్తోంది.

ఒక అభ్యాసంలో, కత్తి పైకి లేవాల్సినచోట లోవ్రే చెయ్యి కిందికి వెళ్ళింది. ప్రోష్పెర్ కుడిచేతి చూపుడువేలు కణుపుమీద చర్మం లేచిపోయింది.

మేళం ఆగింది. బార్బ బాల్దో వచ్చి ముందు ప్రోష్పెర్ వేలు ముడిచి చూశాడు, చాచి చూశాడు. తర్వాత లోవ్రే కత్తి తీసుకుని అంచుమీద బొటనవేలు నడిపాడు.

"ఎముకకి తగల్లేదు" అన్నాడు. "ఎటు చూస్తున్నావురా?"

"నా చేతినే చూస్తున్నా బార్బా."

"అదే తప్పు. చేతిని చూసేవాడు దొంగని కాపలా పెట్టినవాడు. ఎదుటివాడి భుజం చూడు."

"పోనీలే బార్బా, వీడి కన్ను ఎప్పటినుంచో నా వేలిమీదే ఉంది" అన్నాడు ప్రోష్పెర్, వేలు చీకుతూ. "ఒరే లోవ్రే, తినాలనుంటే అడగరాదూ, వేయించి పెడదును."

అందరూ నవ్వారు. లోవ్రే కూడా నవ్వాడు. కానీ ఆ రోజునుంచి వాడి కళ్ళు ఎదుటివాడి భుజం మీదకి వెళ్ళలేదు. ఆ వేలిమీదే ఉండిపోయాయి.

తర్వాతి గురువారం ఆట మామూలుగానే మొదలైంది. పొద్దున ఒక పెద్ద ఓడ వచ్చి హోటల్ని ఊడ్చిపెట్టినట్టు తిని వెళ్ళింది. లోవ్రే రోజంతా నిలబడే ఉన్నాడు. ఏప్రన్ విప్పి ఎర్రబట్టలు తొడుక్కుంటుంటే రెండు కాళ్ళూ ఒకే లాగు గొట్టంలోకి వెళ్ళాయి. ఆట మాత్రం, చిత్రంగా, బాగానే సాగింది. ఒక వరస అయింది, ఇంకోటి అయింది. కత్తులు నిప్పురవ్వలు రాల్చాయి. ప్రోష్పెర్ వేలు వేలుగానే ఉంది. ఆఖరి వరసలో ఎర్రదండు చుట్టూ బిగుసుకుంది, డప్పు ఒక్కసారి గట్టిగా మోగింది, నల్లదండు వెల్లకిలా పడింది.

వాళ్ళతోపాటు లోవ్రే కూడా పడ్డాడు.

పడుతున్నప్పుడు వాడికి తప్పు చేస్తున్నానని అనిపించలేదు. వీపు నేలని తాకింది. పొద్దుటినుంచీ మొదటిసారి వాడి ఒంట్లో ఏ ఎముకా బరువు మొయ్యడంలేదు. పైన ఆకాశం ఇంకా కొంచెం వెలుగ్గా ఉంది. హాయిగా ఉంది. ఎవరూ దేన్నీ తెమ్మని అడగడంలేదు.

పక్కనుంచి ప్రోష్పెర్ పళ్ళబిగువున గుసగుసలాడాడు. "ఒరే! ఇక్కడేం చేస్తున్నావు?"

"పడిపోయాం కదా."

"మేం పడిపోయాం. లెయ్యరా వెధవా, నువ్వు గెలిచావు!"

లేచాడు. లేచేసరికి కత్తి ఒకటి కాలికింద జారి మళ్ళీ మోకాలిమీద పడ్డాడు. టూరిస్టులు చప్పట్లు మోగించేశారు. గాయపడి లేచిన వీరుడనుకున్నారు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుందట.

ఊరు మాత్రం వీరుడనుకోలేదు. మర్నాడు రొట్టెల కొట్లో, "రెండువైపులా చచ్చేవాడికి రెండు రొట్టెలివ్వండి" అన్నారు. చేపలావిడ, "ఎవరు ఓడిపోతారా అని చూసి ఆ జట్టులో చేరతాడమ్మా ఈ పిల్లాడు" అంది. దింకా అయితే గుమ్మంలోనే చేతులు నడుంమీద పెట్టుకుని నిలబడింది.

"పడుకోడానికి కొత్త చోటు కనిపెట్టావటగా? పండగనాడు నాకు బయటి బల్లలు కూడా నిండిపోతాయి. ఎటూ నీకు ఆ కత్తులు రావు. వచ్చి పళ్ళేలు మొయ్యి."

ఎటూ రావు. ఆ మాట ముల్లులా దిగింది. అందులో కొంచెం నిజం ఉండటంవల్ల ఇంకా లోతుకి దిగింది.

బార్బ బాల్దో పనిగది కోట వెనకాల. ప్రతి ఆట తర్వాతా కత్తులన్నీ అక్కడికి చేరతాయి. ఒకదానికొకటి తగిలి అంచుల్లో లేచిన పళ్ళని ఆకురాయితో అరగదీసి నున్నచేస్తాడు. ఆ పళ్ళు వదిలేస్తే చెయ్యి చీరుకుపోతుంది. ఈ పని ఎవరూ ఆయనకి చెప్పలేదు, ఎవరూ మెచ్చుకోలేదు, ఆయన మానలేదు.

"నన్ను మళ్ళీ నల్లదండులో వేసెయ్యి బార్బా" అన్నాడు లోవ్రే.

"అక్కడ ఖాళీ లేదు."

"పోనీ తీసెయ్యి."

బాల్దో ఆకురాయి ఆపలేదు. "నేను తియ్యను. నీకు కాలు ఉంది, చెవి ఉంది. కుదురు లేదు, అది వస్తుంది. పండగలోపు వస్తుందా అంటే నేను చెప్పలేను. అది నీ చెయ్యి. ఆడతావో లేదో నువ్వే చెప్పు."

"నాకు తెలీడంలేదు బార్బా."

"తెలిసినప్పుడు రా. పండగ ముందు రా, తర్వాత కాదు."

తిట్టి పంపేసినా బాగుండునని లోవ్రేకి అనిపించింది. మానేస్తే ఊరు ఏమంటుంది? పడిపోయి పారిపోయాడంటుంది. మళ్ళీ దండులోకి రానిస్తారో లేదో. ఆడితే, ఆ వేలు. ఒక పూట ఆడాలనిపించేది, బల్ల తుడిచేలోపు మానాలనిపించేది. ఆ వారం ఒకాయన మంచినీళ్ళడిగితే వెనిగర్ సీసా తెచ్చిపెట్టాడు.

పండగ ముందురోజు మధ్యాహ్నం, దింకా కునుకు తీసే వేళ చూసి, ప్రోష్పెర్ షెడ్డుకి వెళ్ళాడు. ప్రోష్పెర్ ఒక ముసలి పడవ కింద కూర్చుని పలకల సందుల్లోకి నార కూరి సుత్తితో దిగ్గొడుతున్నాడు. ఎడమచేతిలో ఉలిలాంటి ఇనపముక్క, కుడిచేతిలో కొయ్యసుత్తి. చూడకుండానే కొడుతున్నాడు.

"వచ్చావా శవమా" అన్నాడు తలెత్తకుండా. "కూర్చో. పడుకోకు."

"రేపు నా ఎదురుగా నిలబడతావా?"

"నిలబడక? వేరే ఎవడున్నాడు?"

"భయంలేదా?"

"నీకా? పళ్ళేలు మోసేవాడికా?" ప్రోష్పెర్ నవ్వాడు. సుత్తి పక్కన పెట్టి నార అందుకోబోయాడు. అప్పుడు కనిపించింది, పనిముట్ల పెట్టెమీద ఒక తోలుముక్క. చూపుడువేలూ నడిమివేలూ కణుపులదాకా కప్పేలా కత్తిరించి, దగ్గరదగ్గర కుట్లతో శ్రద్ధగా కుట్టింది. నల్లరంగు వేసి ఉంది, నల్లబట్టల్లో కలిసిపోయేలా.

"ఇదేంటి?"

ప్రోష్పెర్ చటుక్కున తీసి జేబులో పెట్టుకున్నాడు. "పడవపనికి. నార కోసేస్తుంది వేళ్ళని."

నార కోసేది ఎడమచేతి వేళ్ళని. తోలు కుట్టింది కుడిచేతికి. దానిమీద అడ్డంగా అప్పుడే రెండు గాట్లున్నాయి. అవి కత్తి గాట్లు. ఒక ఆట ఆ తోలుతో ఆడేశాడన్నమాట, ఆ వేలినే చూస్తున్న లోవ్రే కూడా మసకచీకట్లో పోల్చుకోకుండా.

లోవ్రే పక్కనున్న నార ఉండ అందుకున్నాడు. కాసేపు కూర్చుని నార పురి పెట్టిచ్చాడు. ప్రోష్పెర్ హాస్యాలు మానేసి మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

అక్కడినుంచి తిన్నగా బాల్దో పనిగదికి వెళ్ళాడు.

"రేపు ఆడను బార్బా."

బాల్దో కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "తెలిసిందా?"

"లేదు. అయినా ఆడను."

"సరే" అన్నాడు ముసలాయన. మేకుకి తగిలించిన ఎర్రచొక్కా ఒకటి తీసి తన పొట్టమీద ఆనించి చూసుకున్నాడు. "దీన్ని వదులు చెయ్యాలి. మీ అమ్మకి కుట్టుమిషనుంది కదూ? తీసుకెళ్ళు."

పండగనాడు సాయంత్రం ఊరంతా కోటద్వారం దగ్గరికి పోయింది. లోవ్రే దింకా హోటల్లో బయటి బల్లలమీద రొట్టెబుట్టలు పెడుతున్నాడు. గోడకి అవతల మేళం మొదలైంది. కత్తులు కనపడవు, చప్పుడు వినిపిస్తుంది. లోవ్రే చెవులు ఆ చప్పుడులో ఒక్కదానికోసమే వెతికాయి. ఎక్కడైనా తాళం తెగుతుందా, ఎవరైనా అరుస్తారా అని. తెగలేదు. బాల్దో కాళ్ళు మునపట్లా లేవకపోవచ్చు, దెబ్బ మాత్రం పడాల్సినచోటే పడుతోంది.

సగంలో ఉండగా లోవ్రే తన కాళ్ళకేసి చూసుకున్నాడు. అవి కదులుతున్నాయి. ఎడమకి తిరిగేచోట ఎడమకే తిరుగుతున్నాయి. రొట్టెబుట్ట ఉన్న చెయ్యి లేవాల్సినచోట లేస్తోంది. ఎర్రదండు ఆట, ఒక్క తప్పు లేకుండా. ఎప్పుడొచ్చిందిది? నిన్నే ఉందా? ఉంటే, నిన్న తను చేసింది ఏమిటి? మంచిపనా, పిరికిపనా? నవ్వాలో ఏడవాలో తేలక అలాగే నిలబడిపోయాడు.

"లోవ్రే! రొట్టెలు డాన్సు చేయమన్నానా, పెట్టమన్నానా?" అని అరిచింది దింకా. అరిచాక వాడి మొహం చూసింది. బుట్ట తనే అందుకుంది.

ఆటయ్యాక జనం వరదలా దిగివచ్చారు. ప్రోష్పెర్ నల్లబట్టల్లోనే వచ్చి ఓ మూల బల్లదగ్గర కూలబడ్డాడు. చెమటతో మెరిసిపోతున్నాడు. కుడిచేతికి తోలు లేదు.

"తెల్లవైన్ ఇయ్యి. ముసలాయన ఎముకలు మాట్లాడుతున్నాయిరా. రెండుసార్లు ఆయన తిట్లే నాకు తాళమయ్యాయి. మీ అమ్మ కుట్టిన చొక్కా పక్కన పగిలిపోయింది."

లోవ్రే గ్లాసు పెట్టాడు. "తోలేది?"

ప్రోష్పెర్ గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. "బార్బ ఎదురుగా అక్కర్లేదు" అన్నాడు. అబద్ధం చెప్పగలిగేవాడే, చెప్పలేదు. "కోపం వచ్చింది నీమీద, తెలుసా? నిన్న నువ్వు ఆడనన్నావని విన్నాక. నిలబడతానన్నాను కదా నేను. తర్వాత రాత్రి బాగా నిద్రపట్టింది. దానిమీద ఇంకా కోపం వచ్చింది."

"నామీదా?"

"ఏమో. తెలీదు." ఒక గుక్క తాగాడు. "బాల్దో అడగమన్నాడు. సోమవారం ఆటకి ఎవరొస్తారని."

లోవ్రే లోపల రెండు జవాబులూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి.

"రేపు పొద్దున మీ షెడ్డుకొస్తాను" అన్నాడు చివరికి. "కర్రలతో ఆడి చూద్దాం. ఓ గంట. నీ చేతికి ఆ తోలు కట్టుకో. దాచకు, నాకు కనపడేలా కట్టుకో. అప్పుడు చెప్తాను."

"దింకా వదులుతుందా?"

"వదలదు" అన్నాడు లోవ్రే, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ. "అడుగుతాను."