నంద్యాల చెరువుగట్టున అమ్మ బెంచీ

నంద్యాల చెరువుగట్టు మీది నడకదారి చూద్దామని నేను కర్నూలు నుంచి రాలేదు. అక్కడ అమ్మ పేరున వేయించిన బెంచీ మీద జనం కూర్చుంటున్నారో లేదో చూడాలని నాయన పోరు పెడితే వచ్చాను. మోకాళ్ల నొప్పులతోనే అమ్మ రోజూ ఆ గట్టు మీద నడిచేది. మధ్యలో కూర్చోవడానికి చోటుండేది కాదు. ఆమె పోయాక నాయన గట్టు మీది పార్కు వాళ్లనడిగి, ఆళ్లగడ్డలో నల్లరాతి బెంచీ చేయించాడు. కూర్చునే పలక మీదే ఆమె పేరు, పైన చిన్న సిలువ చెక్కించాడు.

ఉదయం ఆరున్నరకు వెళ్లాం. మబ్బు కమ్మి చెరువు బూడిదరంగులో ఉంది. నడిచేవాళ్లు బాగానే ఉన్నారు, బెంచీ మాత్రం ఖాళీ. దాని మీద ఎవరో బంతిపూలు పెట్టారు. పక్కనే ఒక పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని నేల మీద చతికిలబడి ఉంది.

“బెంచీ ఉండాది గదమ్మా, కింద కూచున్యావేంది?” అన్నాడు నాయన.

“అది సమాధిరాయి గదప్పా! పేరుండాది, సిలువుండాది. దాని మీద యెట్లా కూచుంటారు?”

నాయన ముఖం మాడిపోయింది. నాకు ముందు ఆవిడ మీద కోపమొచ్చింది, తర్వాత మా తెలివి మీద. సమాధిపలకలు చెక్కేచోటే చేయించాం మరి.

తొమ్మిదింటి బస్సెక్కాం. ఆళ్లగడ్డకు గంట పైనే పట్టింది. రోడ్డు పక్క పందిట్లో ఆ బెంచీ చేసిన శిల్పి ఉలి పక్కన పెట్టి లేచాడు.

“పేరు గీకెయ్యాలప్పా,” అన్నాడు నాయన.

“గీకితే గుంత పడతాది పెద్దాయనా, వాన నీళ్లు నిలుస్తాయి. పలక తిరగేస్తే సాలు. పేరు యాడికీ పోదు, కిందుంటాది.”

“కిందుంటే ఎవురికి కనపడతాదిలే,” అని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని “సరే, తిరగెయ్,” అన్నాడు.

సాయంత్రం శిల్పి ఇంకొకరిని వెంటబెట్టుకుని ఆటోలో గట్టుకు వచ్చాడు. పలక ఎత్తే ముందు నాయన తువ్వాలుతో అక్షరాల్లోని దుమ్ము తుడిచాడు. సిమెంటు ఆరాలి, రేపటిదాకా కూర్చోవద్దన్నాడు శిల్పి.

మర్నాడు పొద్దున ఇద్దరాడవాళ్లు దాని మీద కూర్చుని బొరుగులు తింటూ కోడళ్లను తిట్టుకుంటున్నారు. నాయన దూరంగా నిలబడి చూశాడు. “కూచున్యారు,” అని కళ్లు తుడుచుకున్నాడు.

బతికినన్నాళ్లూ అమ్మ పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు. నలుగురూ తిరిగేచోట ఒక్క రాయి మీదైనా ఉంటుందనుకున్నాను. అదీ మట్టివైపు తిరిగింది. ఆ దిగులు నాకింకా పోలేదు.

వెళ్లేవాళ్లు ఎండెక్కకముందే వెళ్లండి. నడవలేకపోతే గట్టు మలుపులో పేరు లేని నల్లరాతి బెంచీ కనబడుతుంది. మొహమాటపడకుండా కూర్చోండి.