గాలి మావయ్య మందు పంపు

ఊరంతా ఆయన్ని గాలి మావయ్య అంటారు. గాలి కబుర్లు చెప్పే మనిషని కాదు సుమా. పొలంలో మందు కొట్టాలంటే ఆయన ముందు గాలిని చూడాల్సిందే. గట్టు మీద నిలబడి, గుప్పెడు దుమ్ము వేళ్ళ సందుల్లోంచి వదిలి, అది ఎటు పడుతుందో కళ్ళు చిట్లించి చూసి, "ఊఁ, ఇంకో గంట ఆగాలి" అనేవాడు. ఆ గంట అయ్యాక మళ్ళీ దుమ్ము, మళ్ళీ "ఊఁ". పక్క పొలాలవాళ్ళు మందు కొట్టేసి, ఇంటికెళ్ళి తిని, ఓ కునుకు తీసి వచ్చినా ఈయన గట్టు మీదే ఉండేవాడు. నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళే. కానీ ముప్పై ఏళ్ళలో ఆయన కొట్టిన మందు పక్కవాడి పైరు మీద ఒక్క చుక్క పడలేదు. ఆ విషయంలో ఆయనకి కాస్త తలబిరుసు కూడా ఉంది, లేదని నేననను.

ఐదెకరాల రైతు. చలికాలంలో అంతా గోధుమ. అది కోశాక రెండెకరాల్లో పత్తి, మిగతా మూడింట్లో మొక్కజొన్న. పిల్లల్లేరు. ఉన్నదల్లా భార్య. ఆవిడ కిందటి చలికాలంలో, గోధుమ పొట్ట మీదున్న రోజుల్లో, నాలుగు రోజుల జ్వరంతో పోయింది. పైరుకి తడి పెట్టాల్సిన వారం అది. భార్యని సాగనంపి వచ్చిన మర్నాడే ఆయన వెళ్ళి నీళ్ళు పెట్టాడు. జనం బుగ్గలు నొక్కుకున్నారు. ఏం చేస్తాడు మరి? పైరు ఆగుతుందా? పైగా ఆ ఇంట్లో కూర్చుని ఎవరి మొహం చూస్తాడు?

ఆ ఇల్లంటే రెండు గదులు, వెనక రేకుల షెడ్డు, షెడ్డు పక్కన కుళాయి, ఆ వెనకే పొలం. ఆవిడ ఉన్నప్పుడు మాటలకి కరువుండేది కాదు. మాట్లాడేదంతా ఆవిడే, ఈయన ఊఁ కొట్టేవాడు. ఇప్పుడు ఊఁ కొడదామన్నా అవతల మాట లేదు. గోధుమ కోతకొచ్చినప్పుడు గింజ కొరికి చూసి, "అయిందంటావా?" అని అలవాటుగా పక్కకి తిరిగి అడిగాడు. పక్కన కోత మిషను డ్రైవరున్నాడు. "నన్నా అడుగుతున్నారు?" అన్నాడతను. ఈయన గింజ ఉమ్మేసి, "కాదులే, కొయ్యి" అన్నాడు.

ఆ గుమ్మంలోకి వచ్చే మనిషంటూ ఉంటే మరదలొక్కతే, తమ్ముడి భార్య. రోజూ మధ్యాహ్నం స్టీలు క్యారేజీలో భోజనం తెచ్చేది. "నిన్నటి గిన్నెలివ్వండి బావగారూ. కడిగారా, కడిగినట్టు నటించారా?" అని వేళాకోళమాడేది. రోజు మొత్తం మీద ఆయన నవ్వేది ఆ ఒక్కసారే. తమ్ముడి పొలం ఈయన పత్తి చేనుకి పడమటి పక్క. మధ్యలో ఒక్క గట్టు.

మొక్కజొన్న మోకాలెత్తు పెరిగేసరికి దాని కింద కలుపు కూడా పోటీపడి పెరిగింది. ఈయన గాలి చూసుకుని, వీపు మీద పంపు తగిలించుకుని కలుపు మందు కొట్టాడు. సాయంత్రం పంపులో కాసిని నీళ్ళు పోసి, గలగలా ఊపి, పారబోసి, షెడ్డులో పెట్టాడు. నాలుగు రోజులకి పత్తి ఆకుల కింద పేనుబంక కనబడింది. మళ్ళీ గాలి చూశాడు, మళ్ళీ అదే పంపు, ఈసారి పురుగు మందు. షెడ్డు పక్క సాలుతో మొదలుపెట్టి పడమటి గట్టు దాకా కొట్టుకుంటూ పోయాడు. ఆ వారంలోనే గట్టవతల తమ్ముడు కూడా తన మొక్కజొన్నకి కలుపు మందు కొట్టాడు.

పది రోజులు తిరిగేసరికి షెడ్డు పక్క పత్తి మొక్కల రూపే మారిపోయింది. అరచెయ్యంత వెడల్పుండాల్సిన ఆకు వేళ్ళు వేళ్ళుగా చీలి, సన్నగా సాగి, మెలితిరిగింది. ముప్పై ఏళ్ళ రైతుకి వేరే చెప్పాలా? అది కలుపు మందు తగిలిన పత్తి. ఆ మందు గాలిలో కాస్త ఎగిరొచ్చి పడినా పత్తి తట్టుకోదు. ఈయనకి ఒళ్ళు మండిపోయింది. చేను అటు చివరిదాకా వెళ్ళి చూసే ఓపిక కూడా లేకపోయింది. రెండాకులు తెంపుకుని, రోడ్డెక్కి, నేరుగా తమ్ముడింటికి పోయాడు.

"గాలి చూడకుండా కొట్టావురా! చేతికొచ్చే చేనుని నాశనం చేశావు!"

"ఆ రోజు గాలే లేదన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

"గాలి సంగతి నువ్వు నాకు చెప్తావా? నాకు?"

తమ్ముడు ఆ ఆకుల్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఏదో అనబోయాడు. అనకుండా ఆకులు తిరిగిచ్చేశాడు.

"మాట రాదే? ఎలా వస్తుంది! ఇక మీ క్యారేజీ నా గడప తొక్కనక్కర్లేదు. నాకెవరూ లేరనుకుంటా!"

అన్నంత పనీ జరిగింది. మర్నాడు మధ్యాహ్నం ఎవరూ రాలేదు. ఆఖరి క్యారేజీ ఈయన వంటింట్లోనే ఉండిపోయింది, నాలుగు గిన్నెలూ ఒకదాని మీద ఒకటి. రెండు పూటలకీ ఒకసారే వండుకునేవాడు. మాడితే మాడిందే తినేవాడు. పైరు పని ఆగదు కదా, మొక్కజొన్నకి ఎరువు వేశాడు, కండె కట్టే వేళకి తడి పెట్టాడు, తను షెడ్డు దగ్గరే నిలబడి, ఉన్న పత్తిలోనే కలుపు పోవడానికి గుంటక తోలించాడు. ఒకరోజు ఎరువుల కొట్టుకి వెళ్ళి నోరు తెరిస్తే మాట పెగల్లేదు. "గొంతు బొంగురుపోయిందేంటి మావయ్యా, జలుబా?" అన్నాడు కొట్టతను. కాదు. మొన్నట్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదంతే. ఆ ముక్క ఎవరికని చెప్తాడు? జలుబే అన్నాడు.

మూడు వారాలకి పత్తికి నీళ్ళ వంతు వచ్చింది. కాలువ మడవ తీసి నీళ్ళు వదలాలంటే పడమటి గట్టుకి వెళ్ళక తప్పదు. తమ్ముడు కనబడితే ఎలాగా అనుకుంటూ, పార భుజాన వేసుకుని సాళ్ళ మధ్య నడిచాడు. షెడ్డు పక్క మొక్కలు ఘోరంగా ఉన్నాయి. పది సాళ్ళు దాటాక కాస్త నయం. సగం చేను దాటాక ఏదో ఒక ఆకు తప్ప మెలిక లేదు. తీరా తమ్ముడి గట్టు దగ్గరికొస్తే, పత్తి నిగనిగలాడుతూ, పూత మీద ఉంది.

పార దింపి అక్కడే నిలబడిపోయాడు. ఇదేం గాలిరా బాబూ? గట్టు దాటి వచ్చిన మందు, గట్టునానుకున్న మొక్కల్ని వదిలేసి, రెండెకరాలు దాటి షెడ్డు దగ్గర పడుతుందా? షెడ్డు దగ్గర మొదలుపెట్టింది ఎవరు? తనే. మొదటి పంపు మందు అక్కడే పోసుకున్నాడు, ఆఖరి పంపు ఇక్కడ అయిపోయింది. మందు గాలిలో రాలేదు. తన వీపు మీదే వచ్చింది. పంపు అడుగునా గొట్టంలోనూ మిగిలిన కలుపు మందు, పంపు వెనక పంపు పోస్తున్నకొద్దీ పలచబడుతూ వచ్చింది.

మరి ఇన్నేళ్ళూ అదే పంపుతో కలుపు మందూ కొట్టాడు, పురుగు మందూ కొట్టాడు. ఎప్పుడూ ఇలా కాలేదే?

మడవ సంగతి మర్చిపోయి షెడ్డుకి వచ్చాడు. పంపు వేలాడదీసే మేకు కింద, అరుగు మీద, ఒక మూత డబ్బా ఉంది. తీసి చూస్తే బట్టల సోడా. ఇంట్లో బట్టలుతికే సోడా కుళాయి దగ్గర వేరే ఉంది. ఇది ఇక్కడెందుకుందో ఆయన ఏనాడూ అడగలేదు. మందు కొట్టొచ్చిన ప్రతిసారీ పంపు కింద పడేసి, స్నానం చేసి, పళ్ళెం ముందు కూర్చునేవాడు. ఆవిడ కుళాయి దగ్గర కూర్చుని ఆ పంపు కడుగుతూనే ఉండేది. సోడా నీళ్ళు పోసి గొట్టంలోంచి కొట్టడం, మంచినీళ్ళు పోయడం, మళ్ళీ సోడా. మూడుసార్లు. ఈయన లోపల్నుంచి, "అయిందా? ఇంకా ఎంతసేపు? నీళ్ళన్నీ అవగొడతావా ఏంటి?" అని అరిచేవాడు. "అయిపోయింది, వస్తున్నా" అనేది ఆవిడ. ఎందుకు కడుగుతోందో చెప్పలేదు, ఈయన అడగలేదు. ముప్పై ఏళ్ళూ గాలి చూసిన ఘనత మాత్రం తనదే అనుకున్నాడు. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

సాయంత్రం క్యారేజీ పట్టుకుని తమ్ముడింటికి వెళ్ళాడు. తమ్ముడు వసారాలో కొడవలికి పిడి బిగిస్తున్నాడు.

"గాలి కాదురా," అన్నాడు ఈయన మెట్టు మీదే నిలబడి. "పంపు. తప్పు నాదే."

"తెలుసన్నయ్యా."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"నువ్వు ఆకులు తెచ్చిన రోజే. నా గట్టు పక్క మొక్కలు బాగానే ఉన్నాయిగా, రోజూ చూస్తూనే ఉన్నా."

"మరి ఆ ముక్క నా మొహాన చెప్పక, తిట్లన్నీ తిన్నావేంరా?"

తమ్ముడు కొడవలి పక్కన పెట్టాడు. "మాకు పంపు కడగడం నేర్పింది వదినే. చెప్పాలంటే, పంపు కడిగే మనిషి లేదు కదన్నయ్యా అనాలి. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు."

మరదలు లోపల్నుంచి వచ్చి క్యారేజీ అందుకుంది. "కడిగారా బావగారూ?" అంది, ఎప్పటిలాగే.

"మూడుసార్లు," అన్నాడు.

ఆవిడ నవ్వబోయి, నవ్వలేక, గిన్నెలు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. "పత్తికి పైన చిగురు వెడల్పుగానే వస్తోంది, చూశావా?" అన్నాడు తమ్ముడు. "కొంత పోతుంది. చేను పోదు. కూర్చో, తినేసి వెళ్ళు."

తినేసి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డులోంచి పంపు తీసి కుళాయి కింద పెట్టాడు. సోడా నీళ్ళు పోసి కొట్టాడు, మంచినీళ్ళు పోసి కొట్టాడు. రెండోసారి కడిగాడు. మూడోసారీ కడిగాడు. కుళాయి కట్టేసి కాసేపు అలాగే కూర్చున్నాడు, ఇంకా ఎంతసేపని లోపల్నుంచి ఎవరైనా అరుస్తారేమోనన్నట్టు. ఎవరూ అరవలేదు. "అయిపోయింది, వస్తున్నా" అని తనే పైకి అనుకుని, పంపు తీసుకెళ్ళి మేకుకి తగిలించాడు.