తమ్ముడి మెయిల్ తెరిచిందెవరు?

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. చిలకలూరిపేటలో నేను లెక్కలు రాసే జిన్నింగ్ మిల్లులో, ఖాళీ షెడ్డులో ఎవరో దగ్గుతున్నారని ఆడవాళ్ళు భయపడితే, "అంత దూది పీలిస్తే దయ్యమైనా దగ్గుద్దిలే" అని ఏడిపించేదాన్ని.

మా తమ్ముడు ఒక ఆదివారం ఒక్కడే వాడరేవు సముద్రానికి వెళ్ళాడు. ఒడ్డున చెప్పులు, చొక్కా దొరికాయి. మనిషి దొరకలేదు. జాలర్లు పడవలేసుకుని వెతికారు. ముందురోజే మిర్చి తోట విషయంలో నాన్నతో పెద్ద గొడవ పడ్డాడు. శవాన్ని చూస్తే తప్ప కర్మ చేయనివ్వనని అమ్మ మొండికేసింది. నేను మాత్రం పిచ్చిదానిలా వాడి మెయిల్‌కి రాస్తూనే ఉన్నాను, "ఎక్కడున్నావురా? అమ్మ అన్నం తినట్లేదు" అని.

ఏడాది దాటాక ఇంటర్నెట్ వచ్చే సెల్‌ఫోను కొన్నాను. ఒక మధ్యాహ్నం మిల్లులో కూర్చుని నా మెయిల్ తెరవబోతే, వాడి పేరుతో ఇన్‌బాక్స్ వచ్చింది. నేను పాస్‌వర్డ్ కొట్టలేదు, వాడి పాస్‌వర్డ్ నాకు తెలియదు కూడా. అందులో అన్నీ నేను రాసినవే. చదవని మెయిల్ అయితే లావు అక్షరాల్లో కనిపించాలి. ఒక్కటీ అలా లేదు. అంటే ఎవరో అన్నీ చదివారు. ఒకటి నొక్కేసరికి పేజీ పోయింది, మళ్ళీ రాలేదు.

నాతో డిగ్రీ చదివిన మస్తాన్ గుంటూరులో ఫోన్ కంపెనీ ఇంజినీరు. వెళ్ళి అడిగాను.

"మన ఫోన్లన్నీ కంపెనీ కంప్యూటర్ గుండానే నెట్‌లోకి పోతయ్యి. బయటోళ్ళకి అందరిదీ ఒకటే అడ్రస్. ఎప్పుడన్నా ఆ కంప్యూటర్ తికమకపడి, ఒకళ్ళు తెరిచిన పేజీ ఇంకొకళ్ళకి ఇచ్చిద్ది. దయ్యం కాదమ్మా," అన్నాడు.

ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే అనుమానం మొదలైంది.

"అయితే ఆ పేజీని అప్పుడు ఎవరో ఒకళ్ళు తెరిచి ఉండాలిగా?"

"ఉండాలి. మా కంపెనీ ఫోన్లోనే. అడ్రస్ ఒకటే కాబట్టి ఎవరో కనుక్కోలేం."

ఎవడో దొంగ పాస్‌వర్డ్ కాజేశాడనుకుందామంటే, మా అమ్మ అన్నం తినని సంగతులన్నీ ఆ దొంగకెందుకు? లక్షల ఫోన్లుండగా నా ఫోనుకే ఎందుకొచ్చింది? బస్టాండులో తమ్ముడిలా నడిచే మనిషి కనిపిస్తే, వెంటపడి మొహం చూసిన రోజులున్నాయి.

అమ్మకి చెప్పలేదు. దయ్యమైతే నాకు భయం లేదు, మా తమ్ముడే కదా. వాడు బతికే ఉండి, అవన్నీ చదివి కూడా ఊరుకున్నాడేమోనన్నదే నా భయం.