ఆగమని రాసిన సుధామణి

పామర్రు దగ్గరి రైతు కుటుంబంలో పుట్టిన సుధామణికి ఎవరితోనైనా ఇట్టే కలిసిపోవడం అలవాటు. 2006లో హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి విజయవాడ పటమటలో చిన్న ఆఫీసు తెరిచి, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి పిల్లల్ని ఎంపిక చేసే పని ఆమెకు అప్పగించింది.

ఆ కంపెనీ పేరు అప్పటికి ఎవరూ వినలేదు. సుధామణి కాలేజీలన్నీ తిరిగి సెమినార్ హాళ్లలో మాట్లాడింది. పిల్లలంతా ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని ఆర్కుట్ అనే స్నేహితుల వెబ్‌సైటు చూసే రోజులవి. అందులో కంపెనీ పేరుతో ఒక కమ్యూనిటీ పెట్టింది. ఎవరేం అడిగినా తనే జవాబు రాసేది. పుట్టినరోజు శుభాకాంక్షలూ పంపేది. రెండేళ్లలో ఆరువందల మంది చేరారు. చాలామంది ఆమెను అక్కా అనే పిలిచేవారు.

2008 వేసవిలో నలభై ముగ్గురికి ఆఫర్ లెటర్లు ఇచ్చింది. వాళ్లలో చక్రి ఒకడు. బందరు పక్కన గిలకలదిండిలో చేపలు పట్టే కుటుంబం వాళ్లది. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు రాక తడబడుతుంటే, "తెలుగులోనే చెప్పు, ఫర్వాలేదు" అని ధైర్యం చెప్పింది సుధామణే.

అక్టోబరులో అమెరికా మాంద్యం దెబ్బకు విదేశీ ప్రాజెక్టులు ఆగిపోయాయి. మేనేజరు జానకిరామ్ ఫోన్ చేశాడు.

"కొత్తవాళ్లని ఇప్పట్లో తీసుకోవట్లేదండీ. ఈ మాట బయటికి పోకూడదు. రేపు పరిస్థితి బాగుపడితే మళ్లీ వాళ్లే కావాలి గదా. వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఉండండి."

"అలాగేనండీ" అంది సుధామణి.

వారం తిరక్కుండానే చక్రి ఆర్కుట్‌లో రాశాడు. "మేడమ్, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో అప్రెంటిస్‌గా రమ్మని లెటర్ వచ్చింది. సోమవారంలోగా చేరాలి. వెళ్లమంటారా, మన కంపెనీ కోసం ఆగమంటారా?"

వెళ్లమంటే, ఉద్యోగాలు లేవని ఒక్క గంటలో మిగతా అందరికీ తెలిసిపోతుంది. "తొందరపడకు చక్రీ. జాయినింగ్ డేట్ త్వరలోనే వస్తుంది" అని రాసి, టీ తాగడానికి లేచింది. ఆ పూట ఆమెకు ఏమీ అనిపించలేదు. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా, ఏమీ అనిపించకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టేది.

ఫిబ్రవరికి పిల్లల ఓపిక నశించింది. మోసమని ఒకరు, దొంగ కంపెనీ అని ఇంకొకరు రాశారు. వాటి కింద చక్రి మాటలు కనిపించాయి. "మేడమ్‌ని ఏమీ అనకండి. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. నన్ను ఇంకో పనికి కూడా వెళ్లనివ్వలేదు. ఉద్యోగం లేకపోతే అలా చెప్తారా?"

సుధామణికి ముఖం మండిపోయింది. ఆఫీసులో పక్క కుర్చీలో వాళ్లు చదివారేమోనని భయపడింది. కాసేపటికి, అలా భయపడినందుకు కూడా సిగ్గేసింది. "ఉద్యోగాలు లేవని నాకు అక్టోబరులోనే తెలుసు. మీకు చెప్పలేదు. ఇక ఎదురుచూడకండి" అని అందరికీ కనిపించేలా రాసింది. సాయంత్రానికల్లా జానకిరామ్ ఆమెను రాజీనామా ఇమ్మన్నాడు.

ఆదివారం బందరు బస్సెక్కి గిలకలదిండి వెళ్లింది. చక్రి తల్లి వీరమ్మ ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. సుధామణి పేరు చెప్పగానే, చీరకొంగుతో కుర్చీ తుడిచి వేసింది.

"మీరేనా తల్లీ! మావోడు ఎప్పుడూ మీ మాటే. ఉద్యోగం కబురు తెచ్చారా?"

లోపల్నుంచి చక్రి వచ్చాడు. "అమ్మా, టీ పెట్టు" అని ఆమెను లోపలికి పంపి, గొంతు తగ్గించాడు. "అమ్మకింకా చెప్పలేదండి. నేనడిగిన రోజుకే మీకు తెలుసాండి?"

"తెలుసు."

"'నాకు తెలీదు' అని మీరు రాసినా ఎళ్లిపోయేవోణ్ణండి."

 సుధామణి క్షమించమంది.  వీరమ్మ టీ గ్లాసుతో వచ్చింది.

"మీ అబ్బాయికి వచ్చిన పని పోగొట్టింది నేనేనండీ" అని సుధామణి మొత్తం చెప్పింది.

వీరమ్మ గ్లాసును కుర్చీ పక్కన నేలమీద పెట్టి లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

"బస్సు నాలుగింటికండి" అన్నాడు చక్రి.

మరుసటేడు అతనికి విశాఖలో ఉద్యోగం దొరికిందని వేరెవరో చెబితే తెలిసింది. సుధామణి విజయవాడలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది. కాలేజీలకు వెళ్లి పిల్లల్ని పోగెయ్యమని సెంటరు వాళ్లు ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒప్పుకోలేదు. కారణం మాత్రం చెప్పలేకపోయేది.